శనివారం ఖాళీ దొరికితే: లాబిరింత్ నడకా, కవితల సభా?

పోయిన నెల మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగబ్బాయి లంచ్ దగ్గర అడిగాడు. "అన్నా, ఈ శనివారం నాకు ఖాళీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏదో చర్చి బయట ముగ్గులాంటి దాని మీద నడుస్తారటగా, అక్కడికి వెళ్ళనా? లేకపోతే అదే రోజు ఒక కాఫీ షాపులో పొయెట్రీ రీడింగ్ ఉందట, దానికి వెళ్ళనా?"

నోటికొచ్చింది చెప్పేశాను. "నీకు మొహమాటం ఎక్కువ కదా, లాబిరింత్‌కి వెళ్ళు" అన్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే సరిగ్గా తిరగేసి చెప్పానని అర్థమైంది. మొహమాటస్తులు వెళ్ళాల్సింది కవితల దగ్గరికి. ఎందుకో కింద చెప్తాను.

రెండూ నేను పదేసి సార్లు వెళ్ళినవే. రెండిట్లోనూ మధ్యలో ఒకచోట "నాకెందుకొచ్చిన గోల ఇది" అనిపిస్తుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా అనిపించకుండా పోలేదు. లాబిరింత్‌లో ఆ విసుగు మన సొంతం, ఇంటి నుంచి తెచ్చుకున్నదే. కవితల సభలో అది ఎదుటివాళ్ళు తెచ్చి మన ఒళ్ళో పెట్టేది. ఈ రెండు విసుగుల్లో మీరు ఏది ఓర్చుకోగలరో చూసుకుని ఎంచుకోండి. డబ్బు, దూరం, పార్కింగ్ తర్వాతి సంగతి.

ఇది పద్మవ్యూహం కాదు

లాబిరింత్ అనగానే మనవాళ్ళకి రెండు గుర్తొస్తాయి. ఒకటి ఆదివారం పేపర్లో పిల్లల పేజీలో "కుందేలుని క్యారెట్ దగ్గరికి చేర్చండి" అని ఇచ్చే బొమ్మ. రెండోది పద్మవ్యూహం. ఇది రెండూ కాదు. కుందేలు బొమ్మలో తప్పుదారులుంటాయి, గోడ తగిలితే వెనక్కి రావాలి. లక్నో బడా ఇమాంబారాలోని భూల్ భులయ్యా ఆ కోవదే. లాబిరింత్‌లో ఉండేది ఒకటే దారి. అది మెలికలు తిరిగి తిరిగి మధ్యకి చేరుస్తుంది, వచ్చిన దారినే మళ్ళీ బయటికి రావాలి. అభిమన్యుడికి లోపలికి వెళ్ళడమే తెలుసు. ఇక్కడ లోపలికి వెళ్ళడం తెలిస్తే బయటికి రావడం తెలిసినట్టే. పైగా చాలాచోట్ల గోడలే ఉండవు, నేల మీద గీతలు మాత్రమే. విసుగు పుడితే గీతలు దాటుకుని నాలుగంగల్లో బయటపడొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

అయినా పద్మవ్యూహం గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. కర్ణాటకలో హళేబీడు హొయసళేశ్వరాలయం గోడ మీద అభిమన్యుడి కథ చెక్కినచోట వ్యూహాన్ని ఇలా చుట్లు చుట్లుగానే చూపించారు. గోవాలో కుశావతి నది ఒడ్డున, ఉస్గాళిమళ్ దగ్గర రాతి నేల మీద ఇలాంటి చుట్ల బొమ్మే ఉంది, అది చరిత్రకి ముందు కాలానిది. కాబట్టి ఇదంతా తెల్లవాళ్ళ వ్యవహారం అనుకోనక్కర్లేదు. కాకపోతే ఇవాళ్టి నడిచే అలవాటు మాత్రం అటువైపు నుంచి వచ్చిందే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో నాబ్ హిల్ అనే గుట్ట మీదున్న గ్రేస్ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో రెండు లాబిరింత్‌లున్నాయి. బయట ఆవరణలో ఉన్నది 1995లో వేసింది. మన పాత ఇళ్ళల్లో మొజాయిక్ అంటామే, ఆ రకం నేల. లోపలిది సున్నపురాయితో 2007లో వచ్చింది. రెండిటికీ మూలం ఫ్రాన్స్‌లో, పారిస్‌కి నైరుతిగా ఉన్న శార్త్ర్ ఊరి పెద్ద చర్చిలో 13వ శతాబ్దం మొదట్లో పరిచిన లాబిరింత్. దానికి 11 చుట్లు. అడ్డంగా కొలిస్తే 13 మీటర్ల లోపే, కానీ లోపలి దారంతా సాగదీస్తే 260 మీటర్లు దాటుతుంది. గ్రేస్ కెథెడ్రల్‌లో ప్రీస్ట్‌గా పనిచేసిన లారెన్ ఆర్ట్రెస్ 1991లో శార్త్ర్ వెళ్ళి, దాని మీద వేసి ఉన్న కుర్చీలు పక్కకి జరిపి నడిచారు. తిరిగొచ్చాక ఆ నమూనాని పెద్ద గుడ్డ మీద గీయించి, ఆ ఏడాది చివర్లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో జనాన్ని నడిపించారు. ఇవాళ అమెరికాలో ఆసుపత్రుల పక్కన, కాలేజీల్లో, పార్కుల్లో కనిపించేవాటిలో చాలా వాటికి ప్రేరణ ఆ గుడ్డే.

లోపలికి, బయటికి కలిపి అర కిలోమీటరు నడక. మామూలుగా అయితే ఏడెనిమిది నిమిషాల పని. ఇక్కడ అరగంట పడుతుంది.

ఆ అరగంటలో జరిగేది ఇది. మొదలుపెట్టిన రెండు మూడు నిమిషాల్లోనే దారి మనల్ని మధ్యలో ఉన్న పువ్వు బొమ్మ పక్కకి తీసుకెళ్తుంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. "ఇంతేనా" అనుకుంటాం. అక్కణ్ణుంచి మెల్లగా బయటికి నెట్టడం మొదలవుతుంది. ఒక్కో మలుపుకీ పువ్వు దూరమవుతూ ఉంటుంది. చివరికి బయటి అంచు చుట్టులో నడుస్తూ, "ఇంకా సగం కూడా కాలేదేమో, వదిలేద్దామా" అనుకునేసరికి నాలుగైదు మలుపుల్లో మధ్యలో ఉంటాం. మొదటిసారి నేను ఆ అంచు దగ్గరే వదిలేసి కాఫీకి వెళ్ళిపోయాను. ఇంకొక్క రెండు నిమిషాలు ఓపిక పట్టాల్సిందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. గీతలు చూడగానే చెప్పులు విడిచేసింది. అక్కర్లేదని చెప్పినా వినలేదు. మొదటి చుట్టు బాగానే నడిచింది. మలుపు తిరిగి దారి వెనక్కి వచ్చేసరికి టక్కున ఆగిపోయింది.

"ఏంట్రా, ఇప్పుడు అప్రదక్షిణంగా తిప్పుతోంది?"

ప్రదక్షిణకి అలవాటుపడిన కాళ్ళకి ఇదే చిక్కు. గుళ్ళో దేవుడు ఎన్ని చుట్లు తిరిగినా కుడిచేతి వైపే ఉంటాడు. ఇక్కడ మధ్య పువ్వు కాసేపు కుడివైపు, మలుపు తిరగ్గానే ఎడమవైపు. "లోపల దేవుడు లేడు కదమ్మా, ఎటు తిరిగితే ఏముంది" అన్నాను. "లేనప్పుడు ఇంత తిరగడం దేనికి మరి" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు. కానీ ఆవిడ ఆగలేదు. మధ్యకి చేరి, ఆరు రేకుల పువ్వులో ఒక రేకు మీద కూలబడి, "మోకాలు సర్దుకోనీ, నువ్వు పో" అంది. పావుగంట కదల్లేదు. తర్వాత కారులో అడిగాను, అంతసేపు ఏం ఆలోచించావని. "పాలవాడికి డబ్బులిచ్చి వచ్చానా లేదా అని" అంది.

మనసు ప్రశాంతంగా మారుతుందని అందరూ చెప్తారు గానీ, నాకూ ముందు వచ్చేవి పాలవాడి లెక్కలే. ఎవరికి రిప్లై ఇవ్వలేదు, కారు సర్వీసింగ్ ఎప్పుడు, మేనేజర్ ఆ మాట ఎందుకన్నాడు. పది నిమిషాలు దాటాక ఇవి పలచబడతాయి. ఒక్కోసారి పలచబడవు. అప్పుడు అరగంట పాటు మేనేజర్‌తో కలిసి నడిచినట్టే.

ఇక మొహమాటం సంగతి. దారి వెడల్పు అడుగుకి కాస్త ఎక్కువ, అంతే. లోపలికి వెళ్ళేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు ఒకే దారిలో ఎదురుపడతారు. శనివారం మధ్యాహ్నం పదిహేనుమంది ఉన్నారంటే, అరగంటలో పదిమంది అపరిచితుల మొహంలో మొహం పెట్టి ఆగాల్సిందే. నవ్వాలా? తల దించుకోవాలా? ఎవరు తప్పుకోవాలి? రూలేమీ లేదు. ఎవరో ఒకరు పక్క చుట్టులోకి కాలు పెట్టి, దారిచ్చి, మళ్ళీ వెనక్కి వస్తారు. ఒక్క దారే ఉన్నా తప్పిపోయేది ఇక్కడే. ఒకసారి ఒకావిడకి దారిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు ధ్యాస లేక పక్క చుట్టులోనే నడక సాగించాను. మధ్యకి వెళ్తున్నాననుకుంటూ మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడ్డాను.

కాబట్టి ఒంటరిగా ఉండటం కోసం లాబిరింత్ అనుకుంటే, పొద్దున్నే వెళ్ళండి. బయటి లాబిరింత్‌కి టికెట్ లేదు, ఏ వేళైనా నడవచ్చు. మే నెల మొదటి శనివారం మాత్రం వద్దు. అది ప్రపంచ లాబిరింత్ దినం. 2009 నుంచి జరుపుతున్నారు. ఎక్కడివాళ్ళక్కడ, తమ ఊరి టైము ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి నడుస్తారు. గుంపులో నడవడం ఇష్టమైతే సరిగ్గా ఆ రోజే వెళ్ళండి.

కవితల దగ్గర వెనక వరస

కవితలు వినే సభలు ఇక్కడ మనకి రెండు రకాలు దొరుకుతాయి: ఇంగ్లీషు ఓపెన్ మైక్, తెలుగు సాహిత్య సమావేశం. రెండిటి తీరూ పూర్తిగా వేరు.

ఇంగ్లీషు ఓపెన్ మైక్ కాఫీ షాపులో గానీ, పుస్తకాల షాపులో గానీ, ఊరి లైబ్రరీలో గానీ జరుగుతుంది. తలుపు దగ్గర ఒక కాగితం ఉంటుంది. చదవాలనుకునేవాళ్ళు పేరు రాస్తారు. మనిషికి మూడు నుంచి ఐదు నిమిషాలు. మధ్యలో పిలిచిన కవి ఒకరు పావుగంటో ఇరవై నిమిషాలో చదువుతారు. లైన్ నచ్చితే కొన్నిచోట్ల చప్పట్లకి బదులు వేళ్ళతో చిటికెలు వేస్తారు. చివర్లో టోపీయో డబ్బానో తిరుగుతుంది, ఐదో పదో డాలర్లు వేస్తే చాలు, వెయ్యకపోయినా ఎవరూ చూడరు. మనం వెనక వరసలో కూర్చుని, ఒక కాఫీ కొనుక్కుని, రెండు గంటలు ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చేయొచ్చు. మొహమాటస్తులకి ఇంతకంటే మంచి చోటు లేదని అందుకే అన్నాను. అందరి కళ్ళూ మైకు దగ్గరే ఉంటాయి. మన వైపు ఎవరూ చూడరు.

ఈ ఊరికి ఆ అలవాటు పాతదే. నార్త్ బీచ్‌లో సిటీ లైట్స్ పుస్తకాల షాపు 1953 నుంచి ఉంది, పై అంతస్తులో కవిత్వానికే ఒక గది. 1955 అక్టోబర్ 7న, ఒకప్పటి కార్ల రిపేరు షెడ్డును గ్యాలరీగా మార్చిన చోట, అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ తన పేరుమోసిన పొడవాటి కవిత "హౌల్" మొదటిసారి జనం ముందు చదివింది ఈ ఊళ్ళోనే. మీరు వెళ్ళే శనివారం అలాంటిదేమీ జరగదు. పదిమంది చదివితే ఏడుగురివి ఇంటికొచ్చేసరికి గుర్తుండవు. ఇద్దరివి మరీ ఇబ్బంది పెడతాయి. విడాకుల గురించి, మాజీ బాయ్‌ఫ్రెండ్ గురించి, చెట్ల గురించి చాలా వినాల్సి వస్తుంది. మధ్యలో లేచి రావడం కూడా కష్టమే. చిన్న గది, కుర్చీ కిర్రుమంటుంది, చదివేవాళ్ళు తలెత్తి చూస్తారు. లాబిరింత్‌కీ దీనికీ అసలు తేడా ఇక్కడుంది. అక్కడ వదిలేస్తే మనల్ని మనం వదిలేసినట్టు. ఇక్కడ వదిలేస్తే ఒక మనిషిని సగం మాటలో వదిలి వచ్చినట్టు.

ఆ మిగిలిన ఒక్కరి గురించి చెప్తాను. ఒక లైబ్రరీలో, గంటంబావు కూర్చున్నాక, నీలం స్వెటర్ వేసుకున్న పెద్దాయన లేచాడు. చేతిలో నాలుగు మడతల కాగితం. భార్య పోయాక ఇంట్లో ఆవిడ కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే దొరుకుతున్నాయని రాసుకొచ్చాడు. ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి కోటు జేబులో, ఒకటి వంటల పుస్తకంలో గుర్తుగా పెట్టిన చోట. గొంతులో ఏ భావమూ లేదు, సరుకుల లిస్టు చదివినట్టు చదివాడు. చివర్లో, నాలుగోది పెట్టుకునే ఇది చదువుతున్నాను అన్నాడు. అప్పుడు చూశాం అందరం. ఆయన ముక్కు మీద ఎర్ర ఫ్రేము ఆడవాళ్ళ కళ్ళజోడు. ఎవరూ చిటికెలు వెయ్యలేదు. అంతకు ముందు గంటంబావు సేపు విన్నదాంట్లో నాకు ఒక్క లైనూ గుర్తులేదు. కానీ అంతసేపు కూర్చోకపోతే ఆయన వంతు వచ్చేది కాదు.

తెలుగు సమావేశాల సంగతి వేరు. బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్ళల్లో, వీక్షణం 2012 నుంచి నెలనెలా జరుగుతోంది. డాలస్‌లో నెలనెలా తెలుగు వెన్నెల 2007లో మొదలైంది. ఇవి కాక ప్రతి ఊళ్ళోనూ ఉగాదికి కవి సమ్మేళనం ఉండనే ఉంటుంది. ఇక్కడ వెనక వరసలో దాక్కోవడం కుదరదు. గుమ్మంలోనే "మీరేం రాస్తారండీ" అంటారు. వినడానికే వచ్చానంటే నమ్మరు. "పర్లేదు, రెండు లైన్లైనా పర్లేదు" అంటారు. ఆ మొహమాటానికి లొంగి ఇంటికెళ్ళి నిజంగానే రాసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. వాళ్ళల్లో ఒకరు బాగానే రాస్తున్నారు.

టైము దగ్గర మనవాళ్ళు ఉదారులు. "ఒకే ఒక్క చిన్న కవిత" అని మొదలుపెట్టారంటే మూడు ఖాయం. ఇంకో ఊళ్ళో, పేరెందుకు లెండి, ఒక ఉగాది సభలో నా పేరు లిస్టులో ముప్ఫై ఒకటో నంబరు. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడారు. ఇరవై రెండో కవి దగ్గర "సమయాభావం వల్ల మిగిలిన కవులు తమ కవితలను నిర్వాహకులకు అందజేయగలరు" అని ప్రకటించారు. అందజేశాను. భోజనాల దగ్గర చూస్తే నా కాగితం ఉగాది పచ్చడి గిన్నె కింద ఉంది, గిన్నె కదలకుండా.

అయినా తెలుగు సభకే నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను. అక్కడ ఒక లైన్ బాగుంటే ఎవరో ఒకరు "మళ్ళీ" అంటారు. కవి ఆగి, ఆ లైనే రెండోసారి చదువుతారు. కొందరు అడక్కుండానే రెండుసార్లు చదువుతారు, అది వేరే విషయం. కవిత మొదటిసారి చెవిలో పడేటప్పుడు సగం జారిపోతుంది. రెండోసారికి పట్టుకుంటాం. ఇంగ్లీషు సభల్లో ఈ "మళ్ళీ" నేను ఎక్కడా వినలేదు. పెద్దాయన కళ్ళజోడు దగ్గర నాకు గట్టిగా "మళ్ళీ" అనాలనిపించింది, నోరు రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పద్యం ఇష్టమైతే, వచన కవితల సభకి లాక్కెళ్ళకండి. ఊళ్ళో అష్టావధానం ఎప్పుడైనా జరుగుతుందేమో చూడండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒకర్ని నాలుగువైపులా లాగుతుంటే విసుగనే మాటే రాదు. మా నాన్న మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. కవితల సభలో ఇరవై నిమిషాలకే కారు తాళాలు అడిగాడు.

ఎవరు ఎటు వెళ్ళాలి

డబ్బు విషయంలో రెండూ దాదాపు ఒకటే. చర్చి లోపలి లాబిరింత్‌కి వెళ్ళాలంటే మాత్రం ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో వేళలు, రుసుము చూసుకోండి. ప్రార్థనలు, కచేరీలు ఉన్నప్పుడు నడవడం కుదరదు.

ప్రయాణం దగ్గర కాస్త తేడా ఉంది. నాబ్ హిల్‌కి కారులో వెళ్ళడం కంటే బార్ట్ రైల్లో ఎంబార్కడెరో స్టేషన్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వీధిలో పట్టాల మీద నడిచే కాలిఫోర్నియా స్ట్రీట్ కేబుల్ కార్ ఎక్కితే సరదాగా చర్చి దగ్గరే దిగొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఆ కేబుల్ కారే సగం పండగ. కారులోనే వెళ్తామంటే సీట్లో బ్యాగు కనపడేలా వదిలెయ్యకండి. ఏటవాలు వీధిలో పార్క్ చేసినప్పుడు ముందు చక్రాలు పేవ్‌మెంట్ అంచుకి ఆనేలా తిప్పండి, తిప్పకపోతే జరిమానా టికెట్ రాసే ఊరు అది. జూలై అయినా స్వెట్టర్ మర్చిపోవద్దు. ఫ్రీమాంట్‌లో ఎండ మండిపోతుంటే, గంట దూరంలో ఆ గుట్ట మీద పొగమంచు ఈదురుగాలితో కలిసి కొడుతుంది. చెప్పులు విడిచిన మా అమ్మ ఆ రాత్రంతా తుమ్ముతూనే ఉంది.

పిల్లలుంటే లాబిరింత్. వాళ్ళు పరుగెత్తుతారు, నాలుగు నిమిషాల్లో మధ్యకి చేరి "నేనే ఫస్ట్" అంటారు. నడిచే పెద్దవాళ్ళు కొందరు చిరాగ్గా చూస్తారు గానీ ఎక్కువమంది నవ్వుతారు. ఓపెన్ మైక్‌కి పిల్లల్ని తీసుకెళ్ళకండి. ఎవరు ఏం చదువుతారో ముందే తెలియదు. ఒకసారి మా పదేళ్ళ అమ్మాయి దారి పొడవునా ఒక మాటకి అర్థం అడుగుతూనే ఉంది.

కళ్ళు తిరిగే జబ్బు ఉన్నవాళ్ళు లాబిరింత్ జాగ్రత్త. సగం చుట్టు తిరిగే మలుపులు చాలా ఉంటాయి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నడవలేనివాళ్ళకి వేలితో నడిచే లాబిరింత్‌లు ఉన్నాయి. ఇటలీలో లుక్కా ఊరి చర్చి ముఖమంటపంలో ఒక స్తంభం మీద అలాంటిది చెక్కి ఉంది, వందల ఏళ్ళుగా వచ్చేపోయేవాళ్ళు వేలు పెట్టి తిప్పిన నునుపు దాని మీద కనిపిస్తుంది. చెక్క పలకల మీద చేసినవి ఇక్కడా అమ్ముతారు.

వారమంతా మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి గొంతు, బుర్ర రెండూ అలిసిపోయినవాళ్ళు లాబిరింత్‌కి వెళ్ళండి, అదీ పొద్దున ఎనిమిది లోపు. ఒక్కరే గదిలో ఉంటూ, వారాంతంలో మనిషి గొంతు అంటే యూట్యూబ్ తప్ప వేరే వినని కుర్రాళ్ళు కవితల దగ్గరికి వెళ్ళండి. వీళ్ళకి ఇంకో అరగంట తమతో తాము ఉండటం అవసరం లేదు, అది వాళ్ళ దగ్గర ఇప్పటికే కావాల్సినంత ఉంది. మా ఆఫీసు అబ్బాయికి తప్పు చెప్పాననడానికి ఇదీ ఒక కారణం. ఎవరైనా పోయిన దుఃఖంలో ఉన్నవాళ్ళకి మాత్రం నేను రెండిట్లో ఏదీ గట్టిగా చెప్పను. ఒకరికి నడక పట్టింది, ఇంకొకరికి మధ్యలో కూర్చోగానే ఏడుపు ఆగలేదు. తోడుగా ఒకరు ఉంటే చాలు.

రెండూ ఒకే రోజు చెయ్యొచ్చా అంటే, చెయ్యొచ్చు. గ్రేస్ కెథెడ్రల్ నుంచి సిటీ లైట్స్‌కి దూరం మైలు లోపే, అదీ ఎక్కువభాగం దిగుడే. కానీ నేను రెండు రోజులుగా విడగొడతాను. శనివారం సాయంత్రం కవితలు, ఆదివారం పొద్దున నడక. విన్నవాటిలో ఏది మిగిలిందో ఆ నడకలో తేలిపోతుంది. కళ్ళజోడు కవిత నాకు మర్నాడు బయటి అంచు చుట్టులో మళ్ళీ వినిపించింది, అదే సరుకుల లిస్టు గొంతుతో. మిగిలిన తొమ్మిదిమందిలో ఒక్కరూ రాలేదు.

హైదరాబాద్‌లో ఉంటే

కవితలకి కొదవ లేదు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. అక్కడ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, తెలుగు అన్నీ వినిపిస్తాయి, చాయ్ సమోసా పక్కనే. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 నాటిది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉండనే ఉన్నాయి. ఏ వారం ఏం ఉందో పేపర్లో "నగరంలో నేడు" చూస్తే సరిపోతుంది.

లాబిరింత్ కావాలంటే గీసుకోవడమే సులువు. 11 చుట్లది కష్టం. అంతకంటే చాలా పాతది, ఏడు చుట్లది ఉంది, క్రీట్ దీవిలో పాత నాణేల మీద కనిపించేది. అది అచ్చం చుక్కల ముగ్గు. మధ్యలో ఒక ప్లస్ గుర్తు గియ్యండి. దాని నాలుగు గదుల్లో నాలుగు ఎల్ ఆకారాలు, మూల ప్లస్ నడిమి వైపు ఉండేలా, కొమ్ములు బయటికి ఉండేలా. ప్రతి ఎల్ ఒడిలో, బయటి మూలన ఒక చుక్క. ఇప్పుడు లెక్కపెడితే చుట్టూ పదహారు కొసలుంటాయి: ప్లస్‌కి నాలుగు, ఎల్‌లకి ఎనిమిది, చుక్కలు నాలుగు. ప్లస్ పై కొస నుంచి దాని కుడిపక్క కొసకి చిన్న కమాను కలపండి. తర్వాత ప్లస్‌కి ఎడమపక్క కొస నుంచి, మొదటి కమాను మీదుగా, కుడివైపు తర్వాతి కొసకి. అలా ఎడమకి ఒకటి, కుడికి ఒకటి జరుగుతూ కలుపుకుపోతే ఎనిమిది కమానులతో పదహారు కొసలూ అయిపోతాయి. గీతకీ గీతకీ మధ్య అడుగున్నర వదలండి, 24 అడుగుల చోటు ఉంటే చాలు. డాబా మీద ముగ్గుపిండితోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సుద్దముక్కతోనో పావుగంటలో అయిపోతుంది.

దీన్ని కాగితం మీద మా అమ్మకి చూపించాను. "ఇదా, దీనికి అంత దూరం తీసుకెళ్ళావా" అంది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ ముందు నడవలో పిల్లల రంగు సుద్దలతో గీసి ఉంది. పక్కింటి మెక్సికన్ పిల్లలు ముగ్గురు దాని మీద తిరుగుతున్నారు, అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని తెలుగులో అదిలిస్తోంది, "గీత తొక్కొద్దు, గీత తొక్కొద్దు" అని. మూడోరోజు పొద్దున స్ప్రింక్లర్ నీళ్ళకి సగం పోయింది. మిగిలిన సగం అమ్మ వెళ్ళిపోయాక కూడా ఒక వారం ఉంది.